హుండీలో మోగిన ఫోన్

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే మా అమ్మాయి హేమ సెలవులకు నగరి వచ్చిన రోజే నాకు ఏదో తేడాగా అనిపించింది. బట్టల బ్యాగు బస్సులోనే మరిచిపోయి, చేతిలో ఫోనుతో దిగింది. అన్నం పెడితే పళ్ళెంలోనే ఎండిపోయింది. "ఏందే, ఒంట్లో బాగలేదా?" అంటే, "మా, నేను నల్లగా ఉండానా?" అని అడిగింది. చీర కట్టుకుని ఫోన్లో పెట్టిన వీడియో కింద ఎవరెవరో ఏదేదో రాశారట.

మాది మరమగ్గాల ఇల్లు. నేను నూలు కండెలు చుడతాను, మా ఆయన మగ్గాలు చూసుకుంటాడు. ఆ చప్పుడులో కూడా ఫోను టింగుమంటే పిల్లకు వినబడేది. నేను పక్కన నిలబడి పిలిస్తే వినబడదు. నాకు ఒళ్ళు మండిపోయేది. తిట్టాను, దిష్టి తీశాను. గుండె దడగా ఉందంటే ఇక్కడి ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, థైరాయిడ్ టెస్టు చేశారు. "రిపోర్ట్స్ అన్నీ నార్మల్" అన్నారు. నార్మల్ అయితే నా బిడ్డ ఎందుకు నిద్రపోదో చెప్పేవాళ్ళు లేరు.

సెలవులయ్యాక పంపించాము. పరీక్ష మధ్యలోనే లేచి వచ్చేసిందని తెలిసి మళ్ళీ తీసుకొచ్చుకున్నాము. మా ఆయన తట్టుకోలేకపోయాడు. మంగళవారం అమ్మవారి గుడిలో, పిల్ల చేతిలోని ఫోను లాక్కుని హుండీలో వేసేశాడు. "తల్లీ, దీన్ని నువ్వు పెట్టుకో. నా బిడ్డను నాకియ్యి" అన్నాడు. హుండీలో పడింది అమ్మవారిదే, మా వైపు ఎవరూ వెనక్కి అడగరు. పూజారి కూడా, "అమ్మోరు తీసుకునేసింది, ఇంక బాగైపోతాదిలే" అన్నాడు. నేనూ నమ్మాను.

హేమ హుండీ పక్కనే కూలబడింది. లోపల ఫోను మోగుతూ ఉంది. ఛార్జింగ్ అయిపోయి అది ఆగేసరికి, పిల్ల హుండీలోకి చెయ్యి దూర్చింది. రేకు అంచు మణికట్టును కోసేసింది. రక్తం కారుతున్నా చెయ్యి తియ్యదు. "నేను ఆడ ఫోన్లో లేకపోతే చచ్చిపోయినాననుకుంటారు మా" అంది. ఆ చెయ్యి బయటికి లాగి, నా కొంగు చుట్టాను.

తిరుపతి ఆసుపత్రిలో కుట్లు వేసి, సైకియాట్రీకి పంపారు. "సివియర్ యాంగ్జైటీ, డిప్రెషన్. ఫోన్ వాడకం దాన్ని ఇంకా పెంచింది" అన్నారు డాక్టరమ్మ.

"ఇప్పుడు ఫోను లేదు కదమ్మా, తగ్గల్ల కదా?" అన్నాడు మా ఆయన.

"ఒక్కసారిగా లాగేస్తే ఎట్లా తట్టుకుంటుందయ్యా? తనకు తెలిసినవాళ్ళంతా అందులోనే కదా ఉన్నారు."

మాత్రలు, కౌన్సెలింగ్ మొదలయ్యాయి. పగలంతా మత్తు. కాస్త తేరుకుందనుకునేలోపే పక్కింటివాళ్ళ ఫోనులో తన వీడియో చూసి మళ్ళీ మంచం పట్టింది. "ఇది రిలాప్స్, జబ్బు ఇట్లా తిరగబెడుతుంది, మందు ఆపొద్దు" అన్నారు డాక్టరమ్మ. ఈ పిల్ల ఇక నాకు దక్కదనే అనుకున్నాను. కండెలు చుడుతూ ఏడ్చేదాన్ని, మగ్గాల మోతలో ఎవరికీ వినబడేది కాదు.

మొన్న హుండీ తెరిచారు. అందులోని వస్తువులు వేలం వేస్తామని, కావాలంటే ఫోను పాడుకోమని పూజారి కబురు పంపాడు. హేమ తానూ వస్తానంది. పసుపూ కుంకుమా అంటుకుని ఫోను పళ్ళెంలో ఉంది. హేమ నా కొంగు పట్టుకుంది.

"కావల్నా?" అన్నాను.

దాన్నే చూస్తూ, "కావల్ల మా," అంది. "అందుకే, ఇంటికి పోదాం పా." ఫోనును పళ్ళెంలోనే వదిలేసి వచ్చేశాము.

చదువు ఇంకా ఆగే ఉంది, మాత్రలు నడుస్తున్నాయి. కొన్ని రోజులు నాతో కూర్చుని కండెలు చుడుతుంది, కొన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నేను చెప్పేది ఒక్కటే. బిడ్డ చేతిలోని ఫోను లాక్కోకముందే, ఆ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.