క్లీనర్ సీటు

మా చెల్లె పైలట్ శిక్షణ ముగియగానే పెద్ద కంపెనీ విమానం ఎక్కిందనీ, వెనక నిలబడి తోసింది నేనేననీ చౌటుప్పల్‌లో చెప్పుకునే కథ శుద్ధ అబద్ధం. మొన్న పక్కింటాయన, ఇంటర్ పాసై పైలట్ అవుతానంటున్న కూతురును వెంటబెట్టుకొచ్చి, ఆ కథను నాకు తెలియదన్నట్టు నాకే వినిపించాడు. "అంత మీ చలువనే గదా మేడం, మీరు కూసోవెట్టి చదివిస్తిరి, ఆమె ఎగిరిపాయె" అన్నాడు. మీ నాయన చెప్పినదాంట్లో విమానం ఒక్కటే నిజమని ఆ పిల్లతో చెప్పి చాయ్ ఇచ్చాను. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

గాలిమోటరు చప్పుడు వినబడితే చాలు అన్నం పళ్లెం వదిలేసి వాకిట్లోకి ఉరికిన తరం మనది. అందులో కూర్చునేవాళ్లు మనుషులేనని నమ్మడానికే నాకు కొన్నేళ్లు పట్టింది. అలాంటిది, రాష్ట్రం వచ్చిన కొత్తలో నా చెల్లె దాన్ని నడుపుతానంది. అమ్మా బాపూ పోయాక, నాకంటే చాలా చిన్నదైన ఆమెను నేనే పెంచాను. నల్లగొండలో జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ, రోజూ చౌటుప్పల్ నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. మాకు పెద్దదిక్కంటే హైవే మీద లారీ నడిపే చిన్నాయిన ఒక్కడే. శిక్షణకు డబ్బెక్కడిదని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ముచ్చట వాళ్లకు చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

లైసెన్సు వచ్చింది. వస్తే ఏమైంది? ట్రైనింగ్ సర్టిఫికెట్ పట్టుకుని డీఎస్సీ కోసం ఏండ్లకేండ్లు కూర్చున్న మన ఈడువాళ్లకు లైసెన్సు వేరు, ఉద్యోగం వేరని విడమర్చి చెప్పనక్కర్లేదు. పెద్ద కంపెనీలు ఎప్పుడో గాని పిలవవు, పిలిచినా ఎన్ని గంటలు గాలిలో ఉన్నావని అడుగుతాయి. ఆ గంటలు కూడబెట్టుకోవడానికి చెల్లె ముందు రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి, పట్నంలోనే కొత్తవాళ్లకు విమానం నడపడం నేర్పే పని. చీకటి పడేసరికి ఇల్లు చేరవచ్చు. రెండోది, దేశానికి ఆ చివర ఎక్కడో తూర్పు కొండల్లో, చిన్న ఊళ్ల మధ్య తిరిగే చిన్న కంపెనీ విమానంలో, కెప్టెన్ పక్కన కుడివైపు సీటు.

నేను పట్నం అన్నాను. చిన్నాయిన కొండలన్నాడు. "మైదానంల గుండ్రంగ తిప్పినోనికి ఘాట్ రోడ్డు మీద చెయ్యి వణుకుతది బిడ్డా. క్లీనర్‌గ పో, నేను సుత గట్లనే నేర్చుకున్న" అన్నాడు. విమానంలో క్లీనర్ ఉండడని, ఆ సీటును ఫస్ట్ ఆఫీసర్ అంటారని నేను గొంతు పెంచి చెబితే, "పేరు ఏదైతేంది, స్టీరింగు ముంగట కూసున్నోడు డ్రైవరు, పక్కన కూసున్నోడు క్లీనరు. మా దాంట్ల టైరు కింద రాయి వెట్టాలె, మీ దాంట్ల వెట్టరు, గంతే ఫరకు" అని తేల్చేశాడు. చెల్లె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. మరునాటికల్లా గల్లీ అంతా ఆమెను క్లీనరక్క అని పిలవసాగింది, పిలిచినప్పుడల్లా ఆమె సెల్యూట్ కొట్టేది. నవ్వురానిది నాకొక్కదానికే.

గంటకు గంటే అన్నది నా వాదన. కొండల్లో ఎగిరినా పట్నంలో ఎగిరినా లెక్కలో పడేది అదే గంట అయినప్పుడు, ఇంటి దగ్గర దొరికే సరుకు కోసం ఆ చివరి దాకా పోవడం ఏ శాస్త్రమని, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. చెల్లె అంతా విని, "అయిపోయిందా అక్కా చెప్పుడు? నేను పోతున్న" అంది. పోయింది.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇంట్లో వాదించడానికి మనిషి లేక టీవీతో వాదించేదాన్ని. వాతావరణం చెప్పే అమ్మాయి మేఘాలు చూపిస్తూ చెల్లె ఉన్న మూల దాకా పోకుండానే ముగిస్తే, ఆమెను పేరు పెట్టి తిట్టేదాన్ని. మబ్బు పట్టిందని చెల్లె ఫోన్ చేస్తే, విమానం ఆగినందుకు ఆమె దిగులుపడేది, ఆ పూటకు నేలమీదే ఉంటుందని నేను సంతోషించేదాన్ని. ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలి?

చివరకు పెద్ద కంపెనీ తీసుకుంది. అక్కడా మళ్లీ కుడివైపు సీటేనని తెలిసి చిన్నాయిన, "ఓనర్ మారితే మల్ల క్లీనరేనా!" అని తల పట్టుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ల ఫోటో ఒకటి చెల్లె పంపింది. అందులో ఆమె పక్కన నిలబడి నవ్వుతున్నది అచ్చంపేట నుంచి వచ్చి పట్నంలో స్థిరపడినవాళ్ల పిల్ల. చెల్లెతోపాటే శిక్షణ పొంది, పట్నంలోనే నేర్పే పనిలో చేరి, రోజూ తన ఇంట్లోనే తిని పడుకున్న పిల్ల. ఇద్దరూ ఒక్కసారే చేరారు, ఒకే సీటుకు. నా లెక్కే నిజమైంది. వాదన గెలిచాను. గెలిచానని చెప్పుకుందామని ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాను.

చిన్నాయిన ఇప్పుడు లేడు. ఆయన లారీ ఆపుకునే జాగాలో ప్లాట్ల రాళ్లు పాతారు, ఇల్లు మాత్రం ఎవరూ కట్టలేదు. చెల్లె సెలవుకు వస్తే రెండు రోజులుంటుంది. ఏది చెప్పినా "సరే అక్కా" అంటుంది, ప్రయాణికులతో మాట్లాడినంత మర్యాదగా. చిన్నప్పుడు నాతో గొడవపడి తలుపు వేసుకునే ఆ పాత చెల్లెను ఎక్కడ దించి వచ్చిందో తెలియదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా సంచిలో పెట్టుకుంటుంటే, గడప దగ్గర నిలబడి ప్రతిసారీ అడగాలనుకుంటాను, ప్రతిసారీ బస్సు టైమవుతుంది.

రెండు దారులూ ఒక్కచోటికే పోతాయని నీకు ముందే తెలుసు గదా చెల్లే, మరి నువ్వు ఆ కొండలకు పోయింది గంటల కోసమా, నా నుంచి తప్పించుకోవడానికా?