దీపాలవేళ చాటింపు

సమాధానం తప్పెట మోగితే పాళెంలో కుక్కలు కూడా మొరగడం మానేస్తాయని ఒక మాట ఉండేది. అది మెచ్చుకోలు కాదు. వాకాడు నుంచి వచ్చే బస్సు ఆఖరున ఆగే ఊరు ఆ పాళెం, సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు. దానికి చాటింపు వేసేవాడు సమాధానం. కాలువ వంతెనకు ఇవతల చర్చి వీధిలో అతని ఇల్లు. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇప్పుడు తను. రేషను బియ్యం వచ్చాయన్నా, వేటకు పోవద్దన్నా, ఎవరైనా పోయారన్నా అతని నోటే వినాలి. రానురాను మంచి కబుర్లన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. చావు కబురు మాత్రం అతనికి మిగిలింది.

అందుకే అతను వంతెన దాటాడంటే ఆడవాళ్ళు పని ఆపి ముఖం చూసేవాళ్ళు. పిల్లలు తల్లుల చెంగుల వెనక దూరేవాళ్ళు. ఇంత మెత్తని మనిషికి అంత పాడు పేరు పెట్టిన లోకాన్ని ఏమనాలి! పక్కింటి చంటిది ఏడిస్తే అన్నం మానేసి వెళ్ళి ఎత్తుకునే మనిషి అతను.

పాళేనికి ఒక కట్టుబాటు ఉంది. పడవలు నీళ్ళ మీద ఉన్నప్పుడు, దీపాలు పెట్టాక, సముద్రంలో పోయినవాళ్ళ కబురుకు తప్ప చాటింపు వేసేవాడు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. తప్పెటతోనూ రాకూడదు, వట్టి చేతులతోనూ రాకూడదు. వచ్చాడంటే ఏదో పడవ ఇక తిరిగి రాదని అర్థం. సమాధానం ఆ కట్టుబాటును బైబిలు వాక్యంతో సమానంగా చూసుకున్నాడు.

అలాంటి రోజుల్లో పాళెం బడికి క్యాథరిన్ టీచరు వచ్చింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కలు చెప్పేది. వచ్చిన వారానికే పిల్లల తల్లిదండ్రుల కోసం ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. ఏ రోజు ఏ పాఠం జరిగింది, ఇంటి దగ్గర ఏ వీడియో చూడాలి, పరీక్ష ఎప్పుడు, అన్నీ అందులో రాసేది. ఒక్కరూ పలికేవాళ్ళు కాదు. ఎలా పలుకుతారు? ఫోనేమో తండ్రి జేబులో సముద్రం మీద ఉంటుంది, ఇంట్లో ఉన్న తల్లికేమో చదువు రాదు. మీటింగు పెడితే టీచరూ, ఆవిడ వేయించిన కుర్చీలూ తప్ప మరో ప్రాణి లేదు. చివరికి ఆమె చర్చి వీధికి వచ్చి సమాధానం అరుగు మీద కూర్చుంది.

“సమాధానంగారూ, ఇక నుంచి నా గ్రూపు మీరేనండీ” అంది.

మర్నాడు ఇంకా పొద్దు ఉండగానే అతను పాళెంలోకి వెళ్ళాడు. “బడి మాట వినండహో! ఏడో తరగతి పిల్లకాయల అమ్మలారా, రేపట్నుంచి లెక్కల పాఠం ఫోన్లో వస్తాది. మొగోళ్ళు ఒడ్డుకొచ్చినాక అరగంట ఫోను పిల్లకాయలకి ఇప్పించండి. పాఠం చూస్తా ఉండారో సినిమా చూస్తా ఉండారో మీరే కనిపెట్టుకోండహో!”

ఒకసారి పాఠాల యాప్‌కు పాస్‌వర్డ్ పెట్టారు. దాన్ని బయటివాళ్ళకు చెప్పకూడదని టీచరు గట్టిగా చెప్పి పంపింది. సమాధానం ఆ హెచ్చరికను చాటి, ఎవరికీ అనుమానం మిగలకుండా ఆ పాస్‌వర్డును కూడా వీధి వీధినా చాటి వచ్చాడు. టీచరు తల పట్టుకుని కొత్తది పెట్టుకుంది. పాళెం అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. సమాధానాన్ని తలుచుకుని పాళెం నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత పిల్లలు వంతెన దాకా ఎదురొచ్చి, తప్పెట మేం మోస్తామంటే మేం మోస్తామని కొట్లాడుకునేవాళ్ళు. “మీ ఆయన బడి అయ్యోరైపోయినాడే!” అని చర్చి వీధి ఆడవాళ్ళు ఆటపట్టిస్తే అతని భార్య ఎలిశబెతు లోలోపల మురిసిపోయేది.

ఎదురొచ్చే పిల్లల్లో అందరికన్నా ముందుండేది ఉష, కామమ్మ కూతురు. అంతకు ముందు ఏడే ఆ పిల్ల తండ్రి శివ వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఇంటికి ఉన్న ఒక్క ఫోనూ అతనితోనే నీళ్ళలో పోయింది. ఆ కబురు దీపాలవేళ మోసుకెళ్ళింది సమాధానమే. కామమ్మ అప్పుడే దీపం ముట్టిస్తోంది. గుమ్మంలో అతన్ని చూసింది. అతను నోరు తెరవక ముందే నిలువునా కూలిపోయింది. ఆ చప్పుడు సమాధానం చెవుల్లోంచి ఎన్నటికీ పోలేదు. అలాంటి ఇంటి పిల్ల తన చెయ్యి పట్టుకుని, “తాతా, టీచరమ్మ ఈ పొద్దు ఏం చెప్పమనింది?” అని అడుగుతుంటే, దేవుడు తనను క్షమించాడనే అనుకున్నాడు.

ఉష మాత్రం టీచరు ఫోనులోనే పాఠాలు చూసి చదివింది. హాస్టల్లో ఉంచి చదివించే ఒక పెద్ద బడి ఉంది, ఎనిమిదో తరగతిలో చేర్చుకుంటారు. దానికి పరీక్ష రాసింది. మొదటి విడతలో పేరు రాలేదు. “రెండో విడతలో వస్తే పంపిస్తా అన్నా, రాకుంటే ఇంక రొయ్యలు ఒలిచే షెడ్డే. నా ఒక్కదాని రెక్కల మీద ఎన్నాళ్ళని నడస్తాది?” అని కామమ్మ సమాధానంతో ఉన్నమాట చెప్పేసింది.

వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళెక్కిన రోజులవి. ఒక సాయంత్రం నెల్లూరు నుంచి టీచరు ఫోను చేసింది.

“సమాధానంగారూ, ఉషకి సీటొచ్చింది! రేపు పొద్దున పది లోపల వాళ్ళమ్మ బడికొచ్చి ఆన్‌లైన్లో వేలిముద్ర వెయ్యాలి. పది దాటితే సీటు వేరే పిల్లకి పోతుంది. ఇప్పుడే వెళ్ళి చెప్పండి. తెల్లారేసరికి నేను బడి దగ్గరుంటాను.”

“చెప్తానమ్మా, చెప్తా!” అంటూ సమాధానం సంతోషంతో తప్పెట భుజానికి తగిలించుకున్నాడు. వాకిట్లోకి వచ్చి ఆగిపోయాడు. కాలువకు అవతల దీపాలు వెలుగుతున్నాయి.

“ఏందయ్యా నిలబడిపోయినావు? పోయిరా” అంది ఎలిశబెతు.

“దీపాలు పెట్టేసినారు. పడవలు నీళ్ళ మీదుండాయి. కామమ్మ తమ్ముడు వెంకటేషు కూడా వేటకి పోయుండాడు.”

“చెప్పేది మంచి మాటే గదా!”

“మంచి మాటని నా మొగాన రాసుంటాదా? ఆ గుమ్మంలో నన్ను మళ్ళీ చూస్తే ఈ తూరి ఆ మనిషి లేవదు.”

పోనీ తాను వెళ్తానంది ఎలిశబెతు. అతను వద్దన్నాడు. ఆ వేళప్పుడు తమ ఇంటి నుంచి ఎవరు వెళ్ళినా ఒకటే. “తెల్లారగట్టే పోతా. ఇంతలో ఏం కొంప మునగదు” అన్నాడు. దయతోనే అన్నాడు పాపం. దయ కూడా కొంపలు ముంచుతుందని అతనికెలా తెలుస్తుంది?

ఆ రాత్రి వలలు నిండాయి. పడవలు ముందే ఒడ్డుకొచ్చేశాయి. ఆడవాళ్ళు గంపలెత్తుకుని అమ్మకానికి చీకటితోనే వాకాడు ఆటో ఎక్కేశారు. తెలతెలవారుతుండగా సమాధానం వెళ్ళేసరికి ఇంటి ముందు ఉష ఒక్కతే ఊడుస్తోంది. సీటొచ్చిందనగానే చీపురు పారేసి ఎగిరి గంతేసింది. అమ్మ వేలిముద్ర కావాలనగానే ఆ పిల్ల ముఖం వాడిపోయింది.

సమాధానం ఎవరినో బతిమాలి బండి మీద వాకాడు వెళ్ళాడు. సరుకు ఎక్కువగా ఉందని కామమ్మ నెల్లూరు వెళ్ళిపోయిందని అక్కడ చెప్పారు. నెల్లూరు చేపల మార్కెట్లో ఆమెను వెతికి పట్టుకుని బడికి తీసుకొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కామమ్మ చేపపొలుసు అంటిన వేలు కడుక్కుని, తుడుచుకుని, యంత్రం మీద పెట్టింది. గడువు దాటిందని యంత్రం తీసుకోలేదు. టీచరు ఎవరెవరికో ఫోన్లు చేసింది, ప్రాధేయపడింది, ఆఖరుకు ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

బడి మెట్ల మీద కామమ్మ సమాధానాన్ని అడిగింది. “నీకు నిన్న సాయంత్రమే తెలుసంట గదా అన్నా?”

“పడవలు నీళ్ళ మీదుండాయి తల్లీ. నన్ను చూసి నువ్వు...”

“నా మొగుడు పోయిన కబురు దీపాలవేళే తెచ్చినావు. నా బిడ్డ బతుకు బాగుపడే కబురుకి తెల్లారాల్సి వచ్చిందా?”

ఆమె అరవలేదు. నాలుగు తిట్లు తిట్టినా సమాధానానికి ప్రాణం కుదుటపడేది. ఉష తల్లి గంప అందుకుని ముందు నడిచింది. మరుసటి వారం నుంచి రొయ్యల షెడ్డుకు వెళ్ళింది.

ఆ ఏడంతా సమాధానం బడి మాటలు చాటుతూనే ఉన్నాడు, గొంతులో మాత్రం మునుపటి ఊపు లేదు. షెడ్డు ఆటో వచ్చే వేళకు తప్పుకుని వెళ్ళిపోయేవాడు.

మళ్ళీ రెండో విడత సీట్ల రోజులు వచ్చాయి. మళ్ళీ సాయంత్రమే టీచరు ఫోను. ఈసారి సీటు పాళెంలోనే ఉండే రాఘవమ్మ కూతురికి. కాలువకు అవతల దీపాలు పెట్టేశారు. పడవలు నీళ్ళ మీదే ఉన్నాయి. సమాధానం ఆగలేదు. వంతెన మీద నుంచే తప్పెట వాయిస్తూ, “చావు కాదహో! బడి మాటహో! చావు కాదహో!” అని గొంతు చించుకుంటూ పరిగెత్తాడు.

అయినా ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ ఇళ్ళలోంచి వచ్చిపడ్డారు. పాళెం పెద్ద ఆదెయ్య కర్ర ఎత్తుకుని అడ్డమొచ్చాడు. “కట్టుబాటు తప్పినావురా!” అన్నాడు.

“తప్పినా సామీ. పోయినేడే తప్పాల్సింది” అన్నాడు సమాధానం రొప్పుతూ.

అప్పుడే షెడ్డు ఆటో వచ్చి ఆగింది. ఉష దిగింది. మంచులో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు తెల్లగా నానిపోయి ఉన్నాయి. గుంపును తోసుకుని అతని ముందుకు వచ్చింది.

“సీటు ఎవురికొచ్చింది తాతా?”

“రాఘవమ్మ కూతురికి.” అతను తలెత్తలేదు.

ఉష అతని భుజం మీది తప్పెటను మెల్లగా దించి నేల మీద పెట్టింది. “రాఘవమ్మత్త రేవు కాడుంటాది. నువ్వు రాబాక తాతా, నిన్ను చూస్తే జడుసుకుంటాది. నేను పోయి చెప్తా” అని, ఆ చేతులతోనే పావడా ఎగదోపుకుని ఇసుకలో పరుగెత్తింది.