పర్వేజ్ భాయ్ డబ్లర్

జనగామలో ఫొటోలు తీసే పర్వేజ్ భాయ్‌కి ఒకే ఒక్క పిచ్చి: డబ్లర్. కెమెరాకూ లెన్సుకూ నడుమ బిగించే చిన్న అద్దాల డబ్బీ అది. దూరాన ఉన్నదాన్ని రెట్టింపు దగ్గరికి తెస్తుంది. పాస్‌పోర్టు ఫొటోకు కూడా అది బిగించి, రోడ్డు అవతలికి పోయి నిలబడేవాడు.

సరోజనక్క కూతురి పెళ్ళిలోనూ అంతే. ఆల్బం తిప్పీ తిప్పీ ఆమె అడిగింది: “పిల్లేది భాయ్?”

“గదేనక్కా, ముక్కుపుడక!”

ఆ పుడక కూడా మసకే.

నేను పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఫొటోలు ఆయనవి, చీవాట్లు నావి. “భాయ్, డబ్లర్ పెడితే వెలుతురు నాలుగో వంతే మిగుల్తది. మండుటెండ ఉండాలె, లెన్సు మంచిదుండాలె, దగ్గరికి పోరాని జాగ ఉండాలె. గప్పుడు పెట్టు!”

“గప్పుడు అందరు పెడ్తరు. గందుల నా గొప్పేముంది?”

సకల జనుల సమ్మె రోజులు. రఘునాథపల్లి దగ్గర రైల్ రోకో. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. పోలీసులు మా ఇద్దరినీ చాలా దూరంలోనే ఆపేశారు. అక్కడున్న కెమెరా ఆయనదొక్కటే. నాకు ఒళ్ళంతా పులకరింత. డబ్లర్ పుట్టిందే ఈ గడియ కోసం!

పట్టాల మీద ముందు వరసలో, జెండా పట్టుకుని, మాకు తెలిసిన తండా మనిషి భోజ్యా. టీచరు కొలువుకు ఎంపికై ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒక్క కేసు పడితే కొలువు గోవిందా.

“భాయ్, డబ్లర్ తియ్యి!”

“అయ్యో, ఇంట్ల మరిచిన.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “దావత్‌లకు తెస్తవు, గిక్కడికి మరుస్తవా?”

ఆయన వట్టి లెన్సుతోనే టకటకా తీసేశాడు.

మర్నాడు ఎస్సై మమ్మల్ని స్టేషన్‌కు పిలిపించి, భాయ్ దగ్గర ఆ ఫొటోలన్నీ తీసుకుని, ముందేసుకుని పేర్లు రాయడానికి కూర్చున్నాడు. మనుషులు ఆవగింజలంత ఉన్నారు.

“ఈ జెండా ఎవడిది?”

“జనానిది సార్,” అన్నాడు భాయ్.

“పక్కన?”

“గాళ్ళు గూడ జనమే సార్.”

ఎస్సై పెన్ను మూసేశాడు.

బయటికొచ్చి పర్వేజ్ భాయ్ చెమట తుడుచుకోవడానికి జేబులోంచి దస్తీ లాగాడు. దాంతోపాటు డబ్లర్ జారి నా కాళ్ళ దగ్గర పడింది.

“నిన్న గూడ జేబులనే ఉన్నదా?”

“జర మెల్లగ భాయ్! ఎప్పుడు పెట్టాల్నో, ఎప్పుడు పెట్టొద్దో నాకు తెల్వదా?”

అక్కడే ఆయన్ని గట్టిగా కావలించుకున్నాను.

నెలకు భోజ్యాకు ఆర్డరొచ్చింది. తండాలో దావత్. మసక గుడిసెలో భోజ్యా, బయట వాకిలి చివర డబ్లర్‌తో పర్వేజ్ భాయ్. ఫొటోలో పడింది ఒక్క చెవి.

భోజ్యా తల్లి సక్రి దానికి అద్దం కట్టించి గోడకు పెట్టింది. ఎవరొచ్చినా వేలుపెట్టి చూపిస్తుంది: “గీయననే మా సారు!”