ముప్పై అయిదున్నర

మా కెమిస్ట్రీ సార్ పూర్ణాంకాల్ని నమ్మరు. టీ కొట్టులో కూడా "పాయింట్ ఎనిమిది గ్లాసు చాలు" అంటారు. కొట్టాయన నిండా పోసి, "మిగతా పాయింట్ రెండు ఉచితం సార్" అని దండం పెడతాడు. "మన పెళ్ళై ఇరవై రెండేళ్ళు!" అని వాళ్ళావిడ మురిసిపోతే, "ఇరవై రెండు పాయింట్ మూడు" అన్నారట. ఆ పూట ఆయన కూరలో ఉప్పు పాయింట్ సున్నా. కాలేజీ అంతటికీ ఆయన దశాంశం సార్.

రోజూ హాజరు తీసుకుని బోర్డు మూల రాసేవారు: 35.5.

మేం ముప్పై ఆరుగురం. నా బెంచీలో సగం ఖాళీ. వాళ్ళమ్మ నడుం విరిగి మంచాన పడ్డాక నా నేస్తం కాలేజీ మానేసి రెండు నెలలు. "పరీక్ష రాయనేమోనే. నువ్వు రాకు, నిన్ను చూస్తే ఏడుపొస్తుంది" అంది ఫోన్లో. వెళ్ళలేదు. తను బెంచీ మీద గీసిన పెన్ను గీతల మీద పుస్తకం పడకుండా కూర్చునేదాన్ని.

"సార్, ఆ అర మనిషెవరు?" అన్నాడు ఓరోజు చివరి బెంచీ వాడు.

"క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి ఎంతరా?"

"ముప్పై అయిదున్నర."

"అర ఉన్న పరమాణువుని ఎప్పుడైనా చూశావా?"

"అసలు పరమాణువునే చూళ్ళేదు సార్!"

"అర ఉన్నది ఉండదురా. కొన్ని ముప్పై అయిదువి, కొన్ని ముప్పై ఏడువి. తేలికవి ఎక్కువ, బరువువి తక్కువ. అన్నీ కలిపి సగటు తీస్తే ఆ అర తేలుతుంది. అదీ అర కాదు, పాయింట్ నాలుగు అయిదు!"

"మరి మా క్లాసులో?"

"రోజుకి రెండుసార్లు లెక్కపెట్టి సగటు తీస్తా. కూర్చో."

రెండోసారి ఎప్పుడు లెక్కపెడతారో ఎవరికీ అంతుపట్టలేదు.

హాల్ టికెట్లు వచ్చిన సాయంత్రం ఉండబట్టలేక నేస్తం ఇంటికెళ్ళాను. వంటింటి తలుపు నిండా సుద్దముక్క సమీకరణాలు. పొయ్యి దగ్గర నా నేస్తం. ఎదురుగా పీట మీద దశాంశం సార్.

"సోడియం ఇరవై మూడని చెప్పెయ్యవే, పాలు పొంగుతున్నాయి!" మంచం మీంచి వాళ్ళమ్మ.

"ఇరవై రెండు పాయింట్ తొమ్మిది తొమ్మిదమ్మా!" అని కసిరి, సార్ నన్ను చూశారు. "పొద్దున సున్నా, సాయంత్రం ఒకటి. సగటెంత?"

"అర సార్" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

పరీక్ష రోజు నా నేస్తం పరుగెత్తుకొచ్చింది.

"అమ్మ దగ్గరెవరే?"

"సార్ వాళ్ళావిడ. మూడు గంటలుంటారట, పాయింట్లేవీ లేకుండా."

సార్ ఓసారి అందర్నీ లెక్కపెట్టి బోర్డు మూల 36 అని రాశారు.

"పాయింటేది సార్?" అరిచాడు చివరి బెంచీ వాడు.

సార్ కాస్త ఆలోచించి, పక్కన చుక్క పెట్టి, రెండు సున్నాలు గుండ్రంగా చుట్టారు.