మేస్త్రిని మోసిన కర్ర

నమాజు వేళ కాని వేళలో మసీదు మైకు గరగరలాడిందంటే ఎవరో పోయారని అర్థం. మైపాడు దారిలోని మా పేటలో ఇది అందరికీ తెలుసు. పోయిన వారం నేను పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఆ గరగర వినిపించింది. ఆ వెంటనే మా ఎదురింటి వడ్రంగి మేస్త్రి పేరు చదివారు. నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, భయం. ఆయన్ని మోసుకుపోయే డోలాకు ముందువైపు ఎడమ కర్ర నేను చేసింది. నా చేత్తో చేసిన మొదటి అసలు పని అదే. ఆ కర్ర మీద ఇంతవరకూ ఎవరూ పోలేదు. ఆయనే మొదలు. అది నిలుస్తుందా?

డోలా అంటే మసీదులో ఉండే కొయ్య మంచం. నాలుగు మూలలా నాలుగు మోత కర్రలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పేటలో ఏ ముస్లిం ఇంట్లో మనిషి పోయినా దాని మీదే ఖబరస్తానుకు పోతాడు. అది ఖాళీగా తిరిగొస్తుంది. మోసేది నలుగురే అయినా, ఆ నలుగురూ చివరిదాకా మోయరు. నాలుగడుగులు వేయగానే వెనకనుంచి ఇంకొకరు భుజం పెడతారు, ముందువాడు తప్పుకుంటాడు. ఆ పుణ్యం అందరికీ దక్కాలని వాళ్ల పద్ధతి. చూసేవాళ్లకు గొప్పగా ఉంటుంది. కర్ర చేసినవాడికి మాత్రం గుండె నోట్లోకొస్తుంది. భుజం మారిన ప్రతిసారీ బరువు కుదుపుతో దిగుతుంది, కర్ర మెలిపడుతుంది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పొగడాలట. నాకది చేతకాదు. గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సంతాప సభలకు కుర్చీలు వేయించిన మనిషిని. బతికుండగా తోటివాడి పుస్తకం మీద ఒక్క మంచిమాట రాయని పెద్దలు, అతను పోయాక మైకు పట్టుకుని వెక్కివెక్కి ఏడవడం చూశాను. రేపు నా సభలో ఏడవడానికి కూడా ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు ఇప్పుడే చెప్తున్నాను, రావద్దు.

మేస్త్రి కూడా ఒకరిని మెచ్చుకునే రకం కాదు. గోరింటాకు పెట్టిన గడ్డం దువ్వుకుంటూ, "బుచ్చి ఊళ్లో సగం వాకిళ్లు నా చేతివే సార్" అనేవాడు.

"మరి మిగతా సగం?"

"అయ్యి వాకిళ్లా? గోడకు బొక్కలు."

నా పుస్తకాల బీరువాను చెదలు తినేసిన ఏడాది ఆయనతో స్నేహం కుదిరింది. రేపొస్తాం, ఎల్లుండొస్తాం అన్న వడ్రంగులు ఎవరూ రాలేదు. వాళ్ల మీద కోపంతో నేనే చేసుకుంటానని పట్టుబట్టి, నెల్లూరులో పాత ఇనప సామాన్ల కొట్టుకు పోయి ఒక రంపం, రెండు ఉలులు, చెక్క నునుపు చేసే తోపడా గోతంలో వేసుకొచ్చాను. బస్సు దిగేసరికి మేస్త్రి ఎదురుపడ్డాడు.

"ఏంది సార్, ఎవురి మీదకి యుద్ధానికి?"

చెప్పాను. గోతంలోంచి రంపం తీసి ఎండకెత్తి చూశాడు.

"దీంతో పెరుగు కొయ్యొచ్చు. గడ్డపెరుగయితే కష్టం."

తర్వాత ఉలి తీసుకుని పిడి మీద బొటనవేలు ఆనించాడు. "దీన్ని వాడినోడు ఎడంచేతోడు. చూడు, అరుగుదల ఎట్టుండాదో. నీ చెయ్యి అలవాటయ్యేదాకా ఇది నిన్ను భయపెడతా ఉంటాది."

భయపెట్టింది. ఆ పిడి పట్టుకుంటే ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుండేది. అంచును సానరాయి మీద నూరి నూరి పదునెక్కించిన కొద్దీ నాలో వణుకూ పెరిగింది. చావు గురించి, ధైర్యం గురించి చాలా చదివాను. అరచేతి పక్కనుంచి ఉలి జారిపోయినప్పుడు కడుపులో పుట్టే చల్లదనం గురించి ఒక్కరూ రాయలేదు. కృష్ణపట్నంలో కంపెనీ వ్యాను తోలే మేస్త్రి కొడుకు, ఓడల్లో వచ్చిన పెట్టెల చెక్కలు తెచ్చిపడేసేవాడు. వాటిమీదే నా అభ్యాసం. మేస్త్రి ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. నేను దానివంక చూస్తున్నానని కనిపెట్టి ఒకరోజు అన్నాడు.

"భయపడినన్నాళ్లు ఇది పోలేదు సార్. ధైర్యం వచ్చినాక పోయింది."

మసీదు డోలాకు ముందు ఎడమ కర్ర చీలిక ఇచ్చిన సంగతి అప్పుడే బయటపడింది. మసీదు కమిటీ పెద్దకు రొయ్యల చెరువులున్నాయి. స్టీలు డోలా కొనిస్తాను, దాని మీద మా నాయన పేరు రాయించండి అన్నాడు. మేస్త్రి ఊరుకోలేదు.

"నీ చెరువు కాడ ఇనప గేటును ఉప్పుగాలి ఏం జేసిందో చూసినావా?"

"అది ఇనుము మేస్త్రీ. ఇది స్టీలు."

"ఏదయితే నాకేంది? పోయినోడు ఆఖరి ప్రయాణం కూడా నీ నాయన పేరు మీద పండుకోని పోవాల్నా? నేను జేసిస్తా, పో."

అందరి ముందూ అన్నాడు. అనేసి నేరుగా మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అప్పటికే ఆయనకు ఆయాసం. రంపం నాలుగుసార్లు లాగితే ఊపిరి అందేది కాదు.

"నువ్వు జెయ్యాల సార్. నేను చెప్తా."

"నా చెయ్యి వణుకుతుంది మేస్త్రీ. మనుషుల్ని మోసే కర్ర అది."

"వణికేవాడు మెల్లగా జేస్తాడు. మెల్లగా జేసేవాడు గీత దాటడు. దేవుణ్ణి తలుచుకో, మొదలుపెట్టు."

"నాకు దేవుడు లేడు."

"అయితే ఈ పూటకి నా దేవుణ్ణి వాడుకో. పని కాంగానే తిరిగిచ్చెయ్."

కర్ర చివర నాలుకలాగా చెక్కే కుసి మంచం మూల బెజ్జంలోకి బిగిసి కూర్చోవాలి. మేకులుండవు, అడ్డంగా కొయ్య చీల ఒక్కటే. ఆ కుసి చెక్కేటప్పుడు చివర్లో ఒక పొర ఎక్కువ లేచిందని నాకు అనుమానం. బెజ్జంలోకి దెబ్బల మీద పోవాల్సినది కాస్త సులువుగా పోయినట్టనిపించింది. మేస్త్రి లేచొచ్చి కర్ర పట్టుకుని కిందికీ పైకీ ఊపాడు. చీల కొట్టమని సైగ చేశాడు. తిట్టలేదు. ఆయన తిట్టని రోజు నాకు అదొక్కటే గుర్తు.

"బాగుందా?" అని అడిగాను.

"టీ తాగుదాం రా" అన్నాడు.

మెచ్చుకోలో, ఓపిక లేకపోవడమో తెలియలేదు. అప్పటినుంచి నమాజు వేళకు మైకు గరగరమన్నా నాకు చెమటలు. పేటలో ఎవరు దగ్గినా వెళ్లి పలకరించేవాణ్ణి. నాతో మాటల్లేని ఇళ్లకు కూడా పోయి, ఆస్పత్రికి వెళ్లమని బతిమాలాను. ఆఖరికి ఆ కమిటీ పెద్దను కూడా బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. కర్రకు ఇనపపట్టీ వేయిద్దామా అంటే మేస్త్రి దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"పట్టీ ఎందుకు సార్? ఇప్పుడు నువ్వు ఊరందరి ఆయుస్సు కోరతా ఉండావు. ఇంతకుముందు ఒక్కడన్నా బాగుండాలని కోరినావా?"

కోరలేదు. ఆ జవాబు ఆయనకు చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

పోయినవాళ్ల కోసం చేసే జనాజా నమాజు అయ్యాక మేస్త్రి కొడుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ముందు ఎడంపక్క నిన్నే పట్టమన్నాడు నాయన. కర్ర ఇరిగితే నీ మీదే పడతానని చెప్పమన్నాడు."

భుజం పెట్టాను. ఎత్తగానే చెవి పక్కనే కీచుమన్న చప్పుడు. రెండు చేతులతో కర్రను కింద నుంచి అదిమిపట్టి నడిచాను. వెనకనుంచి ఎవరో వీపు తట్టారు. వదల్లేదు. ఇంకొకరు తట్టారు. ఎదురుగా రొయ్యల లారీ వస్తే అందరూ పక్కకు జరిగారు, మళ్లీ కీచుమంది. నేను వదిలితే ఆ కుదుపుకు కుసి ఊడుతుందని నాకు నమ్మకం. చివరికి ఒక ముసలాయన నా ముఖంలోకి వంగి చూశాడు.

"ఇడువు సార్. ఆయన నీ ఒక్కడికే కాదు గదా, అందరికీ దక్కాల."

ఆయన భుజం ఆనించిన చప్పుడు విన్నాను. కళ్లు మూసుకుని తప్పుకున్నాను. తెరిచేసరికి కర్ర నాలుగడుగులు ముందుంది. ముసలాయన నుంచి ఎవరో కుర్రాడికి, కుర్రాడి నుంచి కమిటీ పెద్దకు, అక్కడినుంచి నాకు కనపడని భుజాలకు మారిపోయింది. పచ్చగుడ్డ కప్పిన డోలా తలల మీదుగా ఊగుతూ పోతోంది. దాని వెంట పరుగులాంటి నడకతో పోయాను.

ఖబరస్తానులో దింపారు. ఆయన్ని ఎత్తి గోతి దగ్గరికి తీసుకుపోయారు. నేను ముస్లింను కాను గనక ఒక పక్కకు నిలబడ్డాను. ఇసుకలో ఖాళీ డోలా, నేను. దాన్ని ఊపి చూడడానికి చెయ్యి రాలేదు. ముందు ఎడమ కర్ర పొడుగునా, ఎందరివో భుజాల చెమట నల్లటి తడిచారగా నిలిచి ఉంది. సముద్రపు గాలికి అది ఒక కొసనుంచి మెల్లగా ఆరుతోంది.