మామ మోటారు సైకిలు, నేను కట్టిన తెల్లకోక

ఆ రోజుల్లో మోటారు సైకిలు ఉన్న మనిషిని మొహం చూసి కాదు, బండి చప్పుడు విని గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు ఇంటికి రెండు బండ్లు, వీధికి ఇరవై. ఏది ఎవరిదో కుక్కలకు కూడా తెలియడం లేదు. అరవైల మొదట్లో నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని లెక్కపెడితే (అంత పనిలేనివాడిని నేనే కాబట్టి ఒకసారి లెక్కపెట్టాను కూడా) నాలుగు మోటారు సైకిళ్లు పోతే గొప్ప. అలాంటి రోజుల్లో మా మేనమామ పదేళ్ల తర్వాత మళ్లీ బండి కొనాలనుకుని, ఎంచడానికి నన్ను తోడు రమ్మన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. మోటారు సైకిళ్ల గురించి నాకు తెలిసిందల్లా, అవి ఎదురుగా వస్తే పక్కకు తప్పుకోవాలనే. అయినా అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను. అలా తల ఊపినందుకు ఏం జరిగిందో చెబుతాను, నవ్వండి, ఫర్వాలేదు. నేనూ ప్రతిసారీ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వడం మాత్రం ఇంతవరకూ చేతకాలేదు.

మామది ఇందుకూరుపేట దగ్గర పల్లె, నాలుగెకరాల వరి. మా అత్త నెల్లూరులో మిషన్ ఆస్పత్రిలో కాన్పుల పని నేర్చుకున్న నర్సు. సముద్రం ఒడ్డు పల్లెలన్నిటికీ ఆమె నర్సమ్మే. అసలు పేరు పోస్టుమానుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎక్కడ నొప్పులని కబురొచ్చినా అత్తను వెనక కూర్చోబెట్టుకుని పోవడం మామ పని. ఆ బండి ఊరు వదిలిపోతూ ఒక దొర అమ్మిపోయినది. గేరు కూడా ట్యాంకు పక్కన చేత్తో వేయాలి. వెనక సీటంటూ లేదు. ఇనుప క్యారియరు, దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెపట్టా, అంతే. తెల్లకోక, గుండ్రటి కళ్లజోడు, ఒళ్లో తోలు సంచి, రెండు కాళ్లూ ఒక పక్కకు వేసి అత్త కూర్చునేది. సర్దుకున్నాక మామ భుజం మీద రెండుసార్లు తట్టేది. రెండోసారి తడితేనే బండి కదలాలి, అది వాళ్లిద్దరి ఒప్పందం. ఒక వానాకాలం, మైపాడు దగ్గర ఒకామెకు కాన్పు కష్టమైందని మనిషి పరిగెత్తుకొస్తే, ఆ తొందరలో మామ మొదటిసారి తట్టగానే బండి లాగించాడు. కాలవ మలుపులో అత్త జారి పడింది. లేచి కోకకంటిన బురద దులుపుకుని, "ఏం కాలా, పోనీండి" అంది. పోయి బిడ్డను బయటికి తీసింది, తల్లిని బతికించింది, ఇంటికొచ్చి తలనొప్పిగా ఉందని పడుకుంది. మూడో రోజు పోయింది.

మామ ఆ తర్వాత బండి తాకలేదు. పశువుల కొట్టంలో నిలబెట్టేశాడు. క్యారియరు మీద గోనెపట్టాలో కోళ్లు గుడ్లు పెట్టి, రెండు విడతలు పిల్లల్ని కూడా లేపాయి. చివరికి పాత ఇనుము కొనేవాడు వచ్చి తీసుకుపోయాడు. ఎంత దూరమైనా మామ నడిచే పోయేవాడు. బస్సెక్కమంటే "నాకేం తొందర?" అనేవాడు. అట్లాంటి మనిషి మళ్లీ బండి ఎందుకన్నాడో మా అమ్మ తర్వాత చెబితే తెలిసింది. ఆ ఏడు కార్తీకం వానల్లో ఒక పిల్ల రెండు రోజులు నొప్పులు పడి, కొత్తగా వచ్చిన నర్సు ఎద్దులబండిలో చేరేసరికి ప్రాణం వదిలిందట. ఆ నర్సు తిన్నగా మామ ఇంటికొచ్చి, "మీరు బండి నడిపేవారంట గదా అయ్యగారూ" అని మాత్రం అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయిందట. వారం రోజులకు మామ నా మిల్లు ముందు నిలబడి ఉన్నాడు, చంకలో ఒక గుడ్డసంచితో. ఆ నర్సు వచ్చిపోయిన సంగతి అప్పటికి నాకు తెలియదు. నలభై దాటాక మామకు సరదా పుట్టిందనుకున్నాను.

నా సరదా వేరే. మామ బండి కొంటాడు, వారం నడుపుతాడు, జడుసుకుంటాడు, "నువ్వే ఉంచుకోరా అల్లుడా" అంటాడు. ఇదీ నా లెక్క. ఆ నమ్మకంతో బండి కంటే ముందే నల్ల కళ్లద్దాలు కొని జేబులో పెట్టుకున్నాను. బస్టాండు వెనక, చేతిలో పానా లేకుండా ఎవరికీ కనబడని ఒక మెకానిక్కు ఉండేవాడు, అందరూ పానా భాయి అనేవాళ్లు. ఆయన షెడ్డులో అమ్మకానికి మూడు బండ్లున్నాయి. ఒకటి ఆకుపచ్చ మిలిటరీ బండి, ఒకటి పెద్ద నల్లబండి, ఒకటి ఎర్రది. ఎర్రది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. నున్నగా, వెనక్కి వాలిన సీటుతో, పందెపు కోడిలా ఉంది. "మామా, ఇదే" అన్నాను. మామ ఎర్రబండి ముందుకు పోలేదు, వెనక్కి పోయాడు. ఇంజను చూడలేదు. వెనక సీటు మీద అరచెయ్యి వేసి ముందుకూ వెనక్కూ రాశాడు. కాళ్లు పెట్టుకునే చోటు చూశాడు. పట్టుకునేదానికి కమ్మీ ఉందా లేదా అని వెతికాడు. పానా భాయి మైలేజీ గురించి చెబుతుంటే "అది సరేగానీ భాయీ, మలుపులో వెనక మనిషి ఏమైతాది?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన్ను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు.

తర్వాత నన్ను ఎక్కమన్నాడు. ఎక్కాను, చెరో పక్క కాలు వేసి. "అట్టగాదు, ఆడోళ్లు కూర్చున్నట్టు కూర్చో" అన్నాడు. చుట్టూ పనివాళ్లు, టీ తాగడానికి వచ్చిన బస్సు డ్రైవర్లు. సిగ్గుతో చచ్చినంత పని అయింది. కాళ్లు ఒక పక్కకు వేసి కూర్చున్నాను. మామ కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ప్యాంటు అతుక్కుంటాదిరా, కోక జారతాది. ఇట్టా అయితే తెలీదు." నాకు ఒళ్లు మండింది. ఎర్రబండి చేజారుతోందన్న కడుపుమంట కూడా అందులో ఉంది. నోరు జారాను. "వెనక సీటు గురించి ఇంత గోల దేనికి మామా? ఎక్కేదానికి నీకెవరుండారని?"

పానా భాయి ఆకురాయి పక్కన పెట్టేశాడు. నవ్వేవాళ్లు ఆగిపోయారు. మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. మెల్లిగా గుడ్డసంచి విప్పి, అందులోంచి మడతపెట్టిన తెల్లకోక బయటికి తీశాడు. కలరా ఉండల వాసన వచ్చింది. "నువ్వన్నది నిజమేరా, ఎవురూ లేరు. అందుకే నువ్వు కట్టుకో" అన్నాడు. ఇక నేను కాదనగలనా? షెడ్డులో చాటుకు పోయి, ప్యాంటు మీద మా అత్త కోక చుట్టుకున్నాను. కుచ్చిళ్లు నిలవకపోతే పానా భాయి బ్రేకు వైరు బిగించినంత శ్రద్ధగా నడుముకు తాడు కట్టాడు. మొహం ఎవరూ గుర్తుపట్టకూడదని జేబులోని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కొంగు తల మీదుగా లాక్కున్నాను. (ఆ కళ్లద్దాలు నేను మొదటిసారి పెట్టుకున్నది అప్పుడే. ఎంత ఊహించుకున్నానో!)

మొదట ఎర్రబండి, నా పట్టుదల మీదే. మామ పదేళ్ల తర్వాత బండెక్కాడు. చెయ్యి అలవాటుగా ట్యాంకు పక్కన గేరు కోసం తడుముకుంటుంది, గేరేమో కాలి కింద ఉంది. రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి కదిలింది. షెడ్డు పక్క ఇసుక మైదానంలో రెండో మలుపు తిరిగేసరికి నేను సీటు మీద లేను. వెల్లకిలా ఇసుకలో పడి ఆకాశం చూస్తున్నాను. జనం పకపకా నవ్వుతున్నారు, నాకూ నవ్వొచ్చింది. మామ బండిని అట్లాగే పడేసి పరిగెత్తుకొచ్చి, నా తల రెండు చేతులతో పట్టుకుని వేళ్లతో అంతా వెతుకుతున్నాడు. "తల తగిలిందా? చెప్పరా, తల నొస్తా ఉందా?" "లేదు మామా, ఇసకే గదా." "నొస్తే చెప్పు. ఏం కాలేదని మాత్రం అనబాక." అప్పుడు గాని నా మొద్దు బుర్రకు ఎక్కలేదు, ఈయన ఏం పరీక్ష చేస్తున్నాడో. ఎర్రబండి మీద ఆశ ఆ ఇసుకలోనే వదిలేశాను.

మిలిటరీ బండి నన్ను పడేయలేదు గానీ కోక అంచును చక్రంలోకి లాక్కోబోయింది. మిగిలింది నల్లబండి. సీటు పొడుగ్గా, చదునుగా ఉంది, వెనక పట్టుకునేందుకు కమ్మీ ఉంది. చక్రానికి కోక తగలకుండా ఇనుప జాలీ బిగిస్తానని పానా భాయి అన్నాడు. అప్పటికి మాత్రం తాళ్లతో ఒక అట్టముక్క కట్టి ఇచ్చాడు. "మైదానం చాలదు, ఆ రోడ్డు మీద చూడాల" అన్నాడు మామ. ఏ రోడ్డో నేను అడగలేదు.

ఎండ ఇంకా ఉంది. కొంగు ఎగరకుండా పళ్లతో పట్టుకుని, కమ్మీ పట్టుకుని, మిల్లువాళ్లెవరూ కనబడకూడదని ప్రార్థిస్తూ కూర్చున్నాను. ఇందుకూరుపేట దాటాం. కాలవ మలుపు వస్తుండగా బండి మెల్లబడింది. నడకకన్నా మెల్లగా తిప్పాడు మామ. నేను జారలేదు. మలుపు దాటాక ఆయన వీపు ఒక్కసారి ఊపిరి వదలడం నాకు తెలిసింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి కేక. "నర్సమ్మా! ఓ నర్సమ్మా! ఆగమ్మా!" చేపల బుట్ట రోడ్డు పక్కన వదిలేసి ఒక అవ్వ పరిగెత్తుకొస్తోంది. తెల్లకోక, కళ్లద్దాలు, ముందు మామ. దూరం నుంచి ఇంకెవరనుకుంటుంది? మామ బ్రేకు వేశాడు. అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుని మొహంలోకి చూసింది. నేను కళ్లద్దాలు తీశాను. "ఓరి నీ మొహం మండ! మీసాలేందిరా?" అంది. నవ్వింది, నవ్వుతూనే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది.

ఎవరో కాదు, అత్త ఆఖరిసారి కాన్పు చేసిన ఆమెకు తల్లి. ఏం మాట్లాడాలో తోచక, "దెయ్యమని జడుసుకోలేదా అవ్వా?" అన్నాను. "దెయ్యమైతే మాత్రం ఏందబ్బయా? నర్సమ్మ దెయ్యమే గదా. మనవరాలికి పదేళ్లొచ్చినాయి, ఆయమ్మకు చూపిద్దామని పరిగెత్తినా" అంది. మామ బండి దిగి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. పదేళ్లలో ఇంట్లో ఎవరి దగ్గరా అనని మాట ఆమె దగ్గర అన్నాడు. "నేను తొందరపడబట్టి పడిందవ్వా. ఒక్క నిమిషం ఆగుంటే..." అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆగుంటే నా బిడ్డ పొయ్యేది గదయ్యా. నువ్వు తొందరగా తెస్తేనే అందింది. నిన్ను ఆగమని నేనెట్టా అనేది?" అంది. మామ తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దవాళ్లు అట్లా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మా అత్త కోక కట్టుకుని ఆ రోడ్డు మీద నిలబడి నేనూ ఏడ్చాను. దారిన పోయే సైకిలు మనిషి మా ముగ్గురినీ చూసి ఏమనుకున్నాడో దేవుడికే తెలియాలి.

తిరిగి పోయేటప్పుడు మామ బండెక్కి స్టార్టు చేశాడు. నేను వెనక కూర్చున్నాను. బండి కదలదు. ఇంజను కొట్టుకుంటూ ఉంది, ఆయన ముందుకు చూస్తూ ఉన్నాడు. ఎందుకు ఆగాడో తెలియడానికి నాకు కాస్త సేపు పట్టింది. అప్పుడు ఆయన భుజం మీద రెండుసార్లు తట్టాను. "ఈ బండి చాల్లేరా" అన్నాడు మామ, కదిలిస్తూ.

ఆ నల్లబండి మీద కొత్త నర్సును తొమ్మిదేళ్లు తిప్పాడు. ఒక్కసారి కూడా ఆమె జారలేదు. ఆ ఒప్పందం ఆమెకూ నేర్పించాడు. నాకు బండి ఇస్తానని ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. షెడ్డులో నేనన్న మాటకు మాత్రం క్షమించమని అడగాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే మామ పోయాడు. ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు నా మోకాలు పైకి లేవదు. మా అబ్బాయి బండి మీద చర్చికి పోవాలంటే రెండు కాళ్లూ ఒక పక్కకు వేసి, పంచె కుచ్చిళ్లు ఒళ్లోకి లాక్కుని కూర్చుంటాను. మనవళ్లు చూసి "తాత నర్సమ్మలా కూర్చున్నాడు" అని నవ్వుతారు (ఈ కథ వాళ్లకు నేను చెప్పిందే, సగం దాకా). కూర్చుని, కమ్మీ పట్టుకుని, మావాడి భుజం మీద రెండుసార్లు తడతాను. నేను తొందరపెడుతున్నాననుకుంటాడు వాడు. "పోతున్నా నాన్నా, ఆగండి" అంటాడు.