అక్కలకు ఇచ్చిన అంచుబట్ట

మొన్న బిజినేపల్లిలో చుట్టాలింటికి పోయి నాగర్‌కర్నూల్‌కు ఆటోలో తిరిగి వస్తుంటే, సరిగ్గా పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ ఒక బాలింత ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో బిడ్డకు ఇంకా నెల నిండినట్టు లేదు. ఆ తల్లికి తలమీద కొంగు లేదు, చెవుల్లో దూది లేదు, చేతిలో ఇనుపముక్క సంగతి దేవుడెరుగు, చల్లని కూల్‌డ్రింక్ సీసా మాత్రం ఉంది. నా నోరు ఊరుకునే రకం కాదు గనుక, "గింత ఎండల పసిదాన్ని వట్టుకొని ఎటువోతున్నవ్ బిడ్డా, జర కొంగన్న కప్పుకోరాదే" అన్నాను. ఆ పిల్ల నవ్వేసి, "ఏమైతది పెద్దమ్మా, ఎండనే గద" అంది. ఏమైతదో చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆటోలో ఉన్నవాళ్ళంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారని మూసేసుకున్నాను. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగినా దడ తగ్గలేదు. మీకైతే చెప్పవచ్చు, మీరు నా ఈడు వాళ్ళు, నవ్వరు.

మాది గద్వాలలో నేతపని చేసుకునే ఇల్లు. అందరూ రాత్రికి భయపడతారు, మా వీధిలో మాత్రం మేము పగటికి భయపడేవాళ్ళం. పొద్దున్నుంచి ఇంటింటా మగ్గాలు టకటక ఆడుతుండేవి, ఆ చప్పుడు ఉన్నంతసేపు దేనికీ జంకు ఉండేది కాదు. మధ్యాహ్నం బువ్వవేళకు ఒక్కొక్క మగ్గమూ ఆగిపోయి వీధి మొత్తం నోరు మూసుకునేది చూడండి, అప్పుడు పుట్టేది భయం. ఎందుకంటే మా ఇళ్ళ వెనక ఒక దిగుడుబావి ఉండేది, నూలు తడపడానికైనా, పట్టు ఉతకడానికైనా ఆ బావి నీళ్ళే. ఆ బావిలోకి మిట్టమధ్యాహ్నం ఏడుగురు కన్నెలు స్నానానికి దిగుతారని మా నమ్మకం. కన్నెలు అని పైకి అనకూడదు, అంటే పిలిచినట్టే అవుతుందట, అందుకని అందరూ అక్కలు అనేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు, అందగత్తెలు, పెళ్ళికాని ఆడపిల్లలు, తల విరబోసుకుని మెట్లమీద కూర్చుని ఒకరి జడలు ఒకరు అల్లుకుంటారని చెప్పేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాకపోవడమే అసలు భయం. వాళ్ళకు లేనివి రెండే, మొగుడు, బిడ్డ. బాలింతను చూస్తే వాళ్ళ కడుపు మండుతుంది, పసిబిడ్డను చూస్తే చేతులు ఊరుకోవు.

వాళ్ళను మంచి చేసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. పురుడు వెళ్ళిన తరువాత బాలింత చేత బావికి పూజ చేయించి చేద వేయిస్తారు గదా, అంతకంటే ముందు మా నేతవాళ్ళు మాత్రం సొంత మగ్గం మీద జానెడు గుడ్డ నేసి, పసుపులో ముంచి, అక్కల పేరున నీళ్ళలో వదిలేవాళ్ళు. ఆ గుడ్డ ఉత్త తెల్లనూలుతో ఉండాలి, అంచు ఉండకూడదు. ఇది గట్టి కట్టుబాటు. మా గద్వాల చీర సంగతి మీకు తెలుసు, నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట నూలుపోగునూ పట్టుపోగునూ వరుస వరుసకూ ఒకదానిలో ఒకటి మెలివేసి పట్టిస్తారు. చీరకు అందం తెచ్చేది ఆ అతుకే. కానీ అతుకు ఉన్న బట్ట అక్కలకు ఇస్తే, మీరూ మేమూ కలిసిపోయాం, చుట్టరికం కలుపుకున్నాం అని చెప్పినట్టేనట. చుట్టాలైపోయిన తరువాత ఇంట్లోకి రావడానికి వాళ్ళకు ఇక అడ్డేముంది!

మా మేనత్త, అంటే మా నాయన ఒక్కగానొక్క చెల్లెలు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన ఏడు నేనింకా లంగా జాకెట్టు వేసుకునే పిల్లను. మేనత్తంటే మా నాయనకు ప్రాణం. తల్లికంటే ఎక్కువగా ఎత్తుకు తిరిగి పెంచాడు. ఆడపిల్ల పుట్టింది, పచ్చగా బంగారు ముద్దలాగా ఉంది. అక్కల గుడ్డ నేయమని మా నాయనమ్మ, మేము అవ్వ అని పిలిచే ఆమె, నాయనకు చెప్పింది. నాయన మగ్గం మీద అప్పుడు ఎవరిదో పెళ్ళిచీర నడుస్తోంది, ఎర్రపట్టు అంచు, జరీ. ఆ మనిషి బుద్ధి ఎట్లా పోయిందో చూడండి. నా చెల్లెలి పేరున ఇచ్చేది, ఉత్త తెల్లగుడ్డ ఏం బాగుంటుంది, దేవతలకు మన చేతిలో ఉన్న మంచిదే ఇద్దాం అనుకున్నాడట. పెళ్ళిచీర ముగిశాక మగ్గం మీద మిగిలిన పడుగు దారాల మీదనే జానెడు గుడ్డ, నిండు అంచుతో, అతుకు ఎక్కడ ఉందో కనిపించనంత సన్నగా నేశాడు. మడిచి పసుపులో ముంచేసరికి అవ్వ కూడా గమనించలేదు. మేనత్త దాన్ని నీళ్ళలో వదిలిన తరువాత మడత విడింది. నూలు తడిసి కిందికి జారుతుంటే ఎర్రని అంచు ఒక్కటే పైన కాసేపు తేలి, నెమ్మదిగా మునిగింది. అవ్వ ముఖం అప్పుడు చూశాను. ఆమె మేనత్త రెక్క పట్టుకుని గబగబా మెట్లెక్కించింది.

ఆ సాయంత్రమే మేనత్తకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. కషాయాలు, సాంబ్రాణి పొగ, తల దగ్గర కొడవలి, వాకిట వేపమండలు, అన్నీ అయ్యాయి. కర్నూలు దవాఖానకు తీసుకుపోదామని నాయన అంటే, బాలింత తుంగభద్ర దాటకూడదని అవ్వ అడ్డం పడింది. అక్కలు నీళ్ళున్న ప్రతిచోటా ఉంటారు, నది నడుమ పట్టుకుంటే ఎవరు విడిపిస్తారని ఆమె భయం. జ్వరం తలకెక్కిందో, మరేమో నాకు తెలియదు, మేనత్త బిడ్డను దగ్గరికి రానివ్వడం మానేసింది. పాలు పట్టమని ఒళ్ళో పెడితే నెట్టివేసి, గోడకు ఆనుకుని, "ఇది నా బిడ్డ గాదు. నా బిడ్డను అక్కలు తీస్కపోయిండ్రు, గిదాన్ని వెట్టిపోయిండ్రు. దాని కండ్లు జూడుండ్రి" అని వణికిపోయేది. నేనూ ఆ కళ్ళు చూశాను. మామూలు పసిపిల్ల కళ్ళే. అయినా ఆ మాట విన్న తరువాత అవి నన్నే గుచ్చి చూస్తున్నట్టు అనిపించి, ఆ గదిలోకి పోకుండా గడప దగ్గరే ఆగిపోయేదాన్ని.

బిడ్డకు మేకపాలు దూదివత్తితో పిండేవాళ్ళు. సగం బయటికే వచ్చేవి. బంగారు ముద్దలాంటిది కాస్తా తోలుసంచిలాగా అయిపోయింది. ఏడుపు కూడా సన్నగిల్లింది.

ఇంతలో ఒకనాడు బువ్వ తిని నాయన మగ్గం మీద కూర్చోబోయాడు. మా మగ్గాలకు కింద గుంత ఉంటుంది, కాళ్ళు అందులోకి దించి తొక్కాలి. కాలు దించితే మెత్తగా ఏదో తగిలింది. పిల్లి అనుకుని వంగి చూస్తే, పాత గుడ్డ కప్పి బిడ్డ. మేనత్తే తెచ్చి ఆ గుంతలో పడుకోబెట్టిందట. అడిగితే, అక్కలకు దొరికేట్టు పెట్టాను, వాళ్ళే వచ్చి మార్చుకుంటారు అని నింపాదిగా చెప్పింది. మా నాయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మగవాడు అట్లా ఏడవడం నేను చూడటం అదే మొదలు. నా చేతులతోనే అంచు కలిపాను, నా చెల్లెల్ని నేనే అప్పజెప్పాను అని తల మగ్గానికేసి కొట్టుకున్నాడు.

వీధిలోని పెద్ద ఆడవాళ్ళు కూడి ఒకటే మాట అన్నారు. మిట్టమధ్యాహ్నం బిడ్డను బావిగట్టున నీళ్ళవైపు తలపెట్టి పడుకోబెట్టాలి, వెనక్కి చూడకుండా దాని ఏడుపు వినిపించనంత దూరం నడవాలి. కాసేపటికి తిరిగిపోతే అక్కలు ఎవరి బిడ్డను వాళ్ళకు పెట్టిపోతారు. వెంట పసుపునీళ్ళ చెంబు పట్టుకుని ఈడేరని ఆడపిల్ల ఒకతె రావాలి, అట్లాంటి పిల్లను అక్కలు తమదే అనుకుని ఏమీ చేయరట. ఇంట్లో అట్లాంటిదాన్ని నేనే ఉన్నాను. ఓయమ్మో! వద్దని ఏడిస్తే ఎవరు వింటారు?

బిడ్డను ఎత్తుకుని అవ్వ ముందు, చెంబు పట్టుకుని నేను వెనక. మగ్గాలన్నీ ఆగిపోయాయి. కాకి కూడా అరవలేదు. బావిలోకి తొంగిచూస్తే నీళ్ళమీది ఎండ గోడలమీద వణుకుతూ, ఎవరో ఇప్పుడే మునిగి లేచినట్టు ఉంది. అవ్వ గట్టున వంగింది. బిడ్డను బండమీద పెట్టబోయింది. ఆ పసిది అవ్వ కొంగును గుప్పిట పట్టుకుని వదల్లేదు. అవ్వ విడిపించబోయి, ఆగి, మళ్ళీ విడిపించబోయి, ఇక లాభం లేదన్నట్టు లేచి నిలబడి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. అవ్వకు అక్కల మీద నాకంటే, వీధిలో అందరికంటే ఎక్కువ నమ్మకమని మరిచిపోకండి. అట్లాంటి మనిషి బావిలోకి చూస్తూ గట్టిగా అంది, "అక్కలారా, నా కొడుకు తెల్వక అంచు వెట్టిండు. కోపముంటే నన్ను వట్టుకోండ్రి. ఇది ఎవ్వరి బిడ్డైనా సరే, నేనైతే కింద వెట్ట. ఏం జేస్కుంటరో జేస్కోండ్రి."

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఏమీ కాలేదు. తెరిచి చూస్తే నీళ్ళు కూడా కదల్లేదు. అవ్వ నా చేతిలోని చెంబు తీసుకుని, ఆ పసుపునీళ్ళు బిడ్డ మీద పోసింది. చల్లగా తగిలి అది ఎన్నాళ్ళకో గట్టిగా ఏడ్చింది. అప్పుడు నావైపు తిరిగి, "ఏం జూసినవ్?" అంది. "ఏం జూడలే అవ్వా" అన్నాను. తల ఊపి నడిచింది.

ఇంట్లోకి పోయి తడిబిడ్డను మేనత్త ముందు పెట్టి, "మార్చుకొచ్చిన బిడ్డా, గిదే నీది. సూడు, తడి గూడ ఆరలే" అంది. మేనత్త బిడ్డ చెవుల వెనక, అరికాళ్ళు, మెడ మడతలు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఒళ్ళోకి లాక్కుని, ఇన్నాళ్ళు వాళ్ళు నీకు పాలిచ్చిండ్రా తల్లీ అని బావురుమంటూ రవికె ముడి విప్పుకుంది. మర్నాడు నాయన జీపు మాట్లాడి మేనత్తను కర్నూలుకు తీసుకుపోతుంటే అవ్వ అడ్డుచెప్పలేదు. సూదిమందులకు జ్వరం దిగింది. ఏది నయం చేసిందని నన్ను అడగకండి, నాకు తెలియదు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, అవ్వ మాత్రం ఆ తరువాత ఎన్నడూ నిశ్చింతగా లేదు. అక్కలను మోసం చేసి వచ్చానని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆ బావి నీళ్ళు మళ్ళీ తాగలేదు. మధ్యాహ్నం మగ్గాలు ఆగిన వెంటనే గడపమీద కొడవలి పెట్టుకుని కూర్చునేది, మళ్ళీ చప్పుడు మొదలైతేగానీ లేచేది కాదు. మంచం పట్టిన తరువాత కూడా ఆ వేళకు కళ్ళు తెరిచి, "వచ్చిండ్రా?" అని నన్ను చూసేది. రాలేదు అవ్వా అంటే మళ్ళీ కళ్ళు మూసుకునేది. ఆ ఒక్కమాట చెప్పడానికే నేను పెళ్ళయి నాగర్‌కర్నూల్ వచ్చిన తరువాత కూడా పుట్టింటికి పోయి రోజుల తరబడి ఉండేదాన్ని.

ఆ పసిబిడ్డ ఇప్పుడు మనుమలను ఎత్తుకుంది. మేనత్త నిరుడు కన్నుమూసింది. పోయే ముందు చూడటానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది, "నువ్వు గూడ పోయినవ్ గద బావికాడికి, నిజం చెప్పు, అవ్వ మార్చుకొచ్చిందా?" ముసలితనంలో ఎందుకు తోచిందో ఆ అనుమానం, కళ్ళలో అప్పటి భయమే, కూతురు పక్కగదిలో కాఫీ కలుపుతోంది. నిజం చెబితే ఆ మనిషి ఇంత బతుకూ ఎవరి బిడ్డను పెంచానోనని అనుకుంటూ పోతుంది. "మార్చింది అత్తా, నేను జూసిన. ఆళ్ళ చేతులు గూడ జూసిన, తెల్లగ ఉండె" అన్నాను. ఆమె నవ్వి నా చెయ్యి వదిలింది.

గద్వాలలో ఆ బావిని ఎప్పుడో పూడ్చి పైన సిమెంటు పరిచారు, దానిమీద మోటారు సైకిళ్ళు నిలుపుతున్నారు. మధ్యాహ్నం అక్కడ ఇప్పుడు నిశ్శబ్దమే ఉండదు. బాలింతలకు మంచి దవాఖానలు వచ్చాయి, మందులున్నాయి, మేనత్తకు వచ్చిన జబ్బుకు కూడా ఏదో పేరు ఉందని మా డాక్టరమ్మ చెప్పింది. మంచిదే, ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ అప్పుడు భయమేస్తే వీధి వీధంతా మనతో కలిసి భయపడేది. ఒకరి వాకిట వేపమండ కడితే అందరి వాకిళ్ళలో కట్టేవాళ్ళు, బాలింతను ఒక్క క్షణం ఒంటరిగా వదిలేవాళ్ళు కాదు. అవ్వకు కూడా రాలేదని చెప్పడానికి నేను ఉన్నాను. ఇప్పుడు అక్కల పేరు చెబితే భయపడే మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చుంటాను, వాళ్ళు రాలేదని నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.